అర్థమైందా అంటే అందరూ ఊ అంటారు, తేడా తర్వాతెప్పుడో కొడుతుంది

క్లుప్తంగా: అర్థం కాకపోయినా అయినట్టు తలూపడానికి ఈగోనో బద్ధకమో కారణమని మామూలుగా అనేస్తుంటారు గానీ అసలు సంగతి లెక్కలో ఉంది. అడిగినందుకు పడే చిన్నతనం అప్పటికప్పుడు అడిగినవాళ్ళ మీదే పడుతుంది, అడగనందుకు పడే దెబ్బ ఎప్పుడో పడుతుంది, చాలాసార్లు ఇంకెవరి మీదో పడుతుంది. "మొహమాటపడకుండా అడగండి" అని ఎన్నిసార్లు చెప్పినా అందుకే పెద్ద మార్పు రావట్లేదు. అర్థమైందో లేదో దానంతటదే బయటపడే పద్ధతి పెట్టిన చోట మాత్రం వచ్చింది.

కేటీలో చివరి రెండు నిమిషాలు

బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో కేటీ అంటే, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటే తెలియనివాళ్ళు ఉండరు. ఒకళ్ళు రిజైన్ చేసి నోటీస్ పీరియడ్‌లో ఉంటారు, వాళ్ళ పని ఇంకొకళ్ళకి అప్పజెప్పాలి, దానికి నాలుగైదు కాల్స్ పెడతారు. స్క్రీన్ షేర్ అవుతుంది, ఈ జాబ్ రాత్రి రన్ అవుద్ది, ఈ టేబుల్‌లోంచి తీసి ఆ టేబుల్‌లో వేస్తుంది, ఇదిగో ఇక్కడ ఈ ఫ్లాగ్ ఎందుకుందో తెలీదు, నేను వచ్చేసరికే ఉంది, దీన్ని మాత్రం ముట్టుకోకండి, ఇలా సాగిపోతుంది. చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అంటారు. అందరూ మ్యూట్‌లోనే ఉంటారు. ఒకటి రెండు సెకన్లు చూసి "కూల్, రికార్డింగ్ షేర్ చేస్తా" అని కాల్ కట్ చేస్తారు, ట్రాకర్ షీట్‌లో ఆ వరసకి పచ్చ రంగు పడుతుంది.

అసలు మీటింగ్ ఆ తర్వాత మొదలవుతుంది, పర్సనల్ చాట్‌లో. "మామా నీకేమన్నా ఎక్కిందా?" "ఒక్క ముక్క ఎక్కలే, నువ్వు తెగ తలూపుతుంటే నీకు అర్థమైందేమో అనుకున్నా." "నేను నిన్ను చూసి ఊపా రా." ఈ డైలాగ్ మారతహళ్ళి పీజీలో అయినా ఎలక్ట్రానిక్ సిటీ క్యాంటీన్‌లో అయినా పెద్దగా మారదు.

ఇక ఆ ఫ్లాగ్, అంటే కోడ్‌లో ఆన్ ఆఫ్ చేసుకునే చిన్న సెట్టింగ్, దాని సంగతి. నెలాఖరున ఒకే ఫైల్ రెండుసార్లు వస్తే రెండోదాన్ని ఆపడానికి ఎప్పుడో ఎవరో పెట్టింది అనుకుందాం. రాసినవాళ్ళకి తెలుసు, వాళ్ళ తర్వాతవాళ్ళకి "ముట్టుకోవద్దు" అన్నంతవరకే తెలుసు, ఆ తర్వాతవాళ్ళకి అదీ గుర్తుండదు. ఎవరో కోడ్ క్లీన్ చేస్తూ వాడకంలో లేదనుకుని తీసేస్తారు, టెస్టింగ్‌లో అన్నీ పాస్ అవుతాయి, నెలాఖరు వచ్చాక ఒకే ఇన్‌వాయిస్ కస్టమర్‌కి రెండుసార్లు పోతుంది, అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో ఉన్న అమ్మాయి లాగ్స్ తవ్వుకుంటూ కూర్చుంటుంది. ఆ కేటీలో ఆమె లేదు. తలూపినవాళ్ళలో సగం మంది వేరే ప్రాజెక్టుకో వేరే కంపెనీకో వెళ్ళిపోయి ఉంటారు. గమనించాల్సింది ఇంకోటుంది, కేటీ ఇచ్చినాయనకి కూడా ఆ ఫ్లాగ్ అర్థం కాలేదు. పనితో పాటు అర్థం కానితనం కూడా చేతులు మారుతూ వచ్చింది, ఏ చేతిలోనూ దానికో ఎంట్రీ పడలేదు.

పక్కవాళ్ళ మొహం చూసి

దీని మీద సైకాలజీలో పాత పనే ఉంది. డేల్ మిల్లర్, క్యాథీ మెక్‌ఫార్లాండ్ అనే పరిశోధకులు 1987లో ఒక ప్రయోగం పబ్లిష్ చేశారు. కొంతమంది స్టూడెంట్లకి కావాలనే తలా తోకా లేకుండా రాసిన వ్యాసం ఇచ్చి చదవమన్నారు, అర్థం చేసుకోవడంలో మరీ ఇబ్బందిగా ఉంటే వచ్చి అడగొచ్చని కూడా చెప్పారు. ఎవరూ వచ్చి అడగలేదు. తర్వాత కనుక్కుంటే ఎక్కువమంది ఊహ ఒకటే, మిగతావాళ్ళకి నాకంటే బాగా అర్థమైంది కాబట్టే వాళ్ళు అడగట్లేదు అని.

ఇక్కడ మెలిక ఏంటంటే, ఎవరికివాళ్ళకి తాము నోరు మూసుకున్నది సిగ్గు వల్లే అని తెలుసు, కానీ పక్కవాడు నోరు మూసుకుంటే మాత్రం వాడికి డౌటే లేదు అనుకుంటారు. ఒకే రకం మౌనానికి రెండు రకాల అర్థాలు తీస్తారన్నమాట. దీంతో గదిలో 20 మంది ఉంటే 20 మందికీ తానొక్కడే మొద్దు అనిపించే పరిస్థితి వస్తుంది, పైగా ఆ 20 మందీ ఒకళ్ళకొకళ్ళు సాక్ష్యం చెప్పుకున్నట్టు అవుతుంది. వీడియో కాల్స్ వచ్చాక ఇది ఇంకా ముదిరింది, ఎందుకంటే గదిలో అయితే కనీసం మొహం చిట్లించడమో పక్కవాడి వైపు చూడడమో కనపడేది, కెమెరాలు ఆఫ్ చేశాక అదీ పోయింది.

తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ కాలేజీల్లో చదివి వచ్చినవాళ్ళకి ఇంకో అలవాటు కూడా తోడవుతుంది. క్లాసులో "అర్థమైందా" అంటే "అయింది సార్" అని కోరస్ రావాలి, సిలబస్ షెడ్యూల్ ప్రకారం పరిగెత్తాలి, వారం తిరిగేసరికి టెస్ట్ ఉంటుంది, మధ్యలో చెయ్యెత్తి ఆపినవాడి మీద లెక్చరర్ కంటే ముందు వెనక బెంచీ విసుక్కుంటుంది. డౌట్లకి టైమ్ వేరు, స్టడీ అవర్‌లో, ఒక్కడే లేచి వెళ్ళి, మెల్లగా అడగాలి. డౌట్ అంటే పదిమందిలో అడిగేది కాదు అని ఇంటర్‌లోనే ఫిక్స్ అయిపోతుంది, ఆఫీస్‌లో పర్సనల్ చాట్ దానికి కొనసాగింపే. అలాగని ఇది తెలుగువాళ్ళ జబ్బు అని తేల్చేస్తే తప్పు, పైన చెప్పిన ప్రయోగం ఉత్తర అమెరికా యూనివర్సిటీ స్టూడెంట్ల మీద చేసిందే.

తెలుసు అనే ఫీలింగ్ వేరు

ఇంతవరకూ చెప్పింది అర్థం కాలేదని తెలిసీ దాచేవాళ్ళ గురించి. అర్థం కాలేదన్న సంగతే తెలియకపోవడం ఇంకో రకం, దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. యేల్ యూనివర్సిటీలో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో చూపించింది ఇదే. జిప్పు, ఫ్లష్ లాంటి మామూలు వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంత తెలుసు అని మార్కులు వేసుకోమన్నారు, జనాలు ధీమాగా వేసుకున్నారు. సరే, స్టెప్పు తర్వాత స్టెప్పు రాయండి అన్నాక పెన్ను ఆగిపోయింది, మళ్ళీ మార్కులు వేసుకోమంటే తగ్గించేసుకున్నారు. 2006లో లివర్‌పూల్ యూనివర్సిటీకి చెందిన రెబెక్కా లాసన్ సైకిల్ బొమ్మతో ఇలాంటిదే చేస్తే, రోజూ చూసే సైకిల్‌కి చెయిన్‌ని ముందు చక్రానికి కూడా చుట్టేసినవాళ్ళు ఉన్నారు.

రోజూ చూడడం, పేరు తెలియడం, వాడడం వచ్చి ఉండడం, ఈ మూడూ కలిసి "నాకు తెలుసు" అనే ఫీలింగ్ ఇస్తాయి. దాన్ని పగలగొట్టేది ఒక్కటే, సొంత మాటల్లో వివరించమని అడగడం. "అర్థమైందా" అనే ప్రశ్న ఆ ఫీలింగ్‌ని తాకనే తాకదు, "ఏదీ ఒకసారి చెప్పు" అన్నప్పుడే సంగతి తేలుతుంది. తర్వాత వచ్చే పద్ధతులన్నీ దీని మీదే నిలబడ్డాయి.

దెబ్బ ఎవరి నెత్తిన

1977 మార్చి 27న టెనెరిఫ్ ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు గుద్దుకుని 583 మంది చనిపోయారు. పొగమంచు, రద్దీ, రేడియో మీద రెండు మెసేజ్‌లు ఒకేసారి పడి కీచుమనడం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి గానీ ఈ వ్యాసానికి కావాల్సింది చివరి నిమిషం. ఆ రెండింట్లో ఒకటైన కేఎల్ఎం విమానానికి వచ్చింది ఏ దారిలో వెళ్ళాలో చెప్పే రూట్ క్లియరెన్స్ మాత్రమే, టేకాఫ్ క్లియరెన్స్ రాలేదు. కోపైలట్ "వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అన్నాడు, అది టేకాఫ్ అవుతున్నాం అనా, టేకాఫ్ పొజిషన్‌లో ఉన్నాం అనా అనేది టవర్‌కి స్పష్టంగా లేదు, టవర్ "ఓకే" అంది. ఆ తర్వాత ఆగమన్న మాట కీచులో కలిసిపోయింది. అప్పటికే విమానం కదిలింది. ఫ్లైట్ ఇంజనీర్‌కి మాత్రం అనుమానం వచ్చి, రెండోదైన ఆ పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే దాటలేదా అని అడిగాడు. కెప్టెన్ ఆ కంపెనీలో ట్రైనింగ్ చూసే పెద్ద మనిషి, దాటేసిందని గట్టిగా చెప్పాడు. ఇంజనీర్ మళ్ళీ అడగలేదు.

రెండోసారి అడగడానికి అడ్డొచ్చింది ఏంటో ఊహించడం కష్టం కాదు. అడిగి తప్పయితే సీనియర్ ముందు ఇప్పుడే పరువు పోతుంది, అది గ్యారంటీ. అడగకపోతే ఏమవుతుందనేది అనుమానం మాత్రమే. గ్యారంటీగా పోయే చిన్నదాన్నీ, పోతుందో లేదో తెలియని పెద్దదాన్నీ పక్కపక్కన పెడితే మనిషి చిన్నదాన్నే కాపాడుకుంటాడు. కేటీలో మ్యూట్‌లో ఉన్నవాడి లెక్కా ఇదే, కాకపోతే అక్కడ ప్రాణాలు పోవు కాబట్టి అది ఇంకా తేలికగా సాగిపోతుంది.

ఓసీ, సీసీ, ఖాతా: ఫ్లాట్ కొనేటప్పుడు తలూపితే

బెంగళూరులో ఫ్లాట్ కొంటున్న తెలుగువాళ్ళకి ఈ లెక్క నేరుగా డబ్బు రూపంలో కనపడుతుంది. ఊళ్ళో పొలాలు కొన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి అడంగల్, వన్‌బీ, ఈసీ, లింక్ డాక్యుమెంట్లు అంటే ఎంతో కొంత తెలుసు. ఇక్కడికొచ్చాక ఖాతా అంటారు, అందులో ఏ ఖాతా బీ ఖాతా అంటారు, డీసీ కన్వర్షన్ అంటారు, గైడెన్స్ వాల్యూ అంటారు. సేల్స్ ఆఫీస్‌లో ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ఇవన్నీ గడగడా చెప్పేస్తుంటే, లక్షల జీతం తెచ్చుకునే మనిషి "ఖాతా అంటే ఏంటండీ" అని అడగడానికి మొహమాటపడతాడు. పక్కన మామగారు కూడా కూర్చుని ఉంటే మరీను.

అడిగి ఉంటే తెలిసేది ఏంటంటే, ఖాతా ఓనర్‌షిప్‌కి రుజువు కాదు, ప్రాపర్టీ ట్యాక్స్ వేయడానికి కార్పొరేషన్ పెట్టుకునే లెక్క. టైటిల్, అంటే అసలు ఓనర్ ఎవరన్న సంగతి సేల్ డీడ్, దాని వెనక లింక్ డాక్యుమెంట్లే తేల్చాలి. బీ ఖాతా అంటే అనుమతుల్లోనో లేఅవుట్‌లోనో లోపం ఉన్నా ట్యాక్స్ మాత్రం వసూలు చేసుకోవడానికి విడిగా రాసుకున్న రిజిస్టర్, దాంట్లో ఉన్నంత మాత్రాన ఆ లోపం పోదు, చాలా బ్యాంకులు లోన్‌కి వెనకాడతాయి కూడా. 2024 అక్టోబర్ నుంచి రిజిస్ట్రేషన్‌కి ఈ-ఖాతా, అంటే ఆన్‌లైన్ ఖాతా తప్పనిసరి చేశారు, 2025 సెప్టెంబర్‌లో పాత సిటీ కార్పొరేషన్ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, కాబట్టి రెండేళ్ళ కింద కొన్న కొలీగ్ చెప్పిన ప్రాసెస్ ఇప్పుడు అలాగే ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు.

సీసీ అనే రెండక్షరాల దగ్గర చాలామంది పడిపోతారు. కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్‌నీ సీసీ అంటారు, కంప్లీషన్ సర్టిఫికెట్‌నీ సీసీ అంటారు. మొదటిది పని మొదలెట్టుకోవచ్చని ఇచ్చేది, రెండోది పని అయిపోయిందని ఇచ్చేది. "సీసీ వచ్చేసింది సార్" అని ఎగ్జిక్యూటివ్ అన్నాడంటే అబద్ధం ఆడినట్టు కాదు, విన్నవాళ్ళు తమకి కావాల్సిన సీసీ ఊహించుకున్నారంతే. ఏ సీసీ అని ఒక్క ముక్క అడిగితే అయిపోయేది. ఇక ఓసీ, అంటే కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, లేకపోయినా ఏళ్ళ తరబడి జనాలు చేరిపోయి ఉంటున్నారు కదా అని దాని గురించి గట్టిగా అడిగేవాళ్ళు తక్కువ. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో కంప్లీషన్ లేదా ఆక్యుపేషన్ సర్టిఫికెట్ చూపించాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలంది, దాంతో కర్ణాటకలో ఓసీ లేని బిల్డింగుల వాళ్ళు పర్మనెంట్ కరెంటు కనెక్షన్ కోసం తిప్పలు పడ్డారు. సేల్స్ ఆఫీస్‌లో కాఫీ తాగుతూ వదిలేసిన ప్రశ్న కరెంటాఫీసు కౌంటర్ దగ్గర తేలిందన్నమాట.

1-0-1

అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వైద్యానికి బెంగళూరు వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. డాక్టర్ కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెప్తాడు, పెద్దాయన డూడూ బసవన్నలా తలూపుతాడు, చీటీ మీద 1-0-1 అని ఉంటుంది, అంటే పొద్దునా రాత్రీ ఒక్కోటి, మధ్యాహ్నం వద్దు అని. ఎస్ఓఎస్ అని ఉంటే అవసరమైతేనే వేసుకోవాలి. అది తెలియక రోజూ వేసుకుంటే ఎవరికీ తెలియను కూడా తెలియదు. భాష ఒక్కటే సమస్య అనుకోవడానికీ లేదు, 2003లో రాయ్ కెసెల్స్ రాసిన సమీక్ష ప్రకారం డాక్టర్లు చెప్పిన దాంట్లో 40 నుంచి 80 శాతం పేషెంట్లు వెంటనే మర్చిపోతారు.

అడిగితే చులకనైపోతారా

అవుతారు, కొన్నిసార్లు. ఈ టాపిక్ మీద వచ్చే మోటివేషన్ మాటల్లో ఈ ముక్క దాటేస్తుంటారు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంటే ఎంత లోతుగా చూస్తున్నాడో అంటారు, అదే మాట ఆర్నెల్ల కింద చేరిన ఫ్రెషర్ అంటే ట్రైనింగ్ సరిగ్గా అవలేదు అంటారు. క్లయింట్ కాల్స్‌లో వెండర్ కంపెనీల వాళ్ళకి "తెలీదు" అనే మాటే వాడొద్దని చెప్తారు, దాని బదులు "లెట్ మీ చెక్ అండ్ గెట్ బ్యాక్" అనాలి. పరువు పోకుండా తెలియదని ఒప్పుకోవడానికి ఆఫీసులు తయారుచేసుకున్న దారి అది, గెట్ బ్యాక్ నిజంగా జరిగితే మంచి దారే.

అడిగే తీరులో కూడా తేడా ఉంది. "ఏమీ అర్థం కాలేదు" అంటే చెప్పేవాళ్ళకి ఎక్కడ మొదలెట్టాలో తెలియదు, మళ్ళీ అదే పాఠం అదే స్పీడులో చదువుతారు. "టేబుల్ నుంచి టేబుల్‌కి పోవడం వరకూ ఓకే, మధ్యలో ఆ ఫ్లాగ్ ఆఫ్ చేస్తే ఏమవుతుంది?" అంటే అది వేరే సంగతి, అక్కడిదాకా ఎక్కిందన్న రుజువు కూడా అందులోనే ఉంది. ఇలా అడగడానికి ముందు ఎంతవరకు తెలుసో తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడంలోనే సగం డౌట్లు పోతాయి. దీనికి పూర్తి వ్యతిరేకం, పని తప్పించుకోవడానికి "నాకేం తెలీదు సార్" అనడం. అది వినయం కిందికి రాదు, ప్రతి టీమ్‌లో ఒకళ్ళు దాన్ని కళలాగా నేర్చి ఉంటారు.

టీమ్ లెవెల్లో చూస్తే ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలి పని గుర్తు చేసుకోవాలి. 1990లలో ఆస్పత్రి టీమ్‌లలో మందుల పొరపాట్లు చూస్తే, బాగా కలిసి పనిచేసే టీమ్‌లలోనే పొరపాట్లు ఎక్కువ రికార్డయ్యాయి. వాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చెప్పుకోగలుగుతున్నారు అని ఆమె తేల్చింది. మేనేజర్లు దీన్ని తిరగేసి చదువుకోవాలి. డౌట్లే రాని టీమ్, ఇష్యూలే లేని డ్యాష్‌బోర్డ్ చూసి ముచ్చటపడాల్సిన పనిలేదు, కొంచెం అనుమానపడాలి.

పద్ధతి మార్చిన చోట

టెనెరిఫ్ తర్వాత విమానయానం "ధైర్యంగా అడగండి" అని పోస్టర్లు అంటించి ఊరుకోలేదు. టేకాఫ్ అనే మాటని అసలు టేకాఫ్ అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్నారు. "ఓకే" అంటే సరిపోదు, వచ్చిన క్లియరెన్స్‌ని పైలట్ తిరిగి అప్పజెప్పాలి, టవర్ దాన్ని వినాలి. ఇందులో ఎవరూ తెలియదని ఒప్పుకోనక్కర్లేదు, అర్థం కానిది అప్పజెప్పేటప్పుడే దొరికిపోతుంది. ఆస్పత్రుల్లో దీన్నే టీచ్‌బ్యాక్ అంటారు, "అర్థమైందా పెద్దాయనా" అనే బదులు "ఇంటికెళ్ళాక ఇంట్లోవాళ్ళకి ఏం చెప్తావో నాకు చెప్పు" అంటారు. పరీక్ష పేషెంట్‌కి కాదు, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటున్నా అన్నట్టు అడుగుతారు, ఆ మాట తీరులోనే కిటుకు ఉంది.

క్లాసుల్లో మేరీ బడ్ రోవ్ అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారని, మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పెరిగి, వాళ్ళు తిరిగి ప్రశ్నలు అడగడం కూడా పెరిగిందని చూపించింది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి క్లాసు మధ్యలో ప్రశ్న వేసి అందరి జవాబులూ తీసుకుని పక్కవాళ్ళతో వాదించుకోమనడం మొదలెట్టాడు, ఎంతమందికి ఎక్కలేదో అందరికీ కనపడుతుంది, ఎవరు అనేది ఎవరికీ పట్టదు.

ఐటీలో దీనికి సరిపోయేది రివర్స్ కేటీ, నేర్చుకున్నవాళ్ళే తిరిగి డెమో ఇవ్వడం. చాలా కంపెనీల ట్రాన్సిషన్ ప్లాన్‌లో ఆ లైన్ ఉంటుంది, టైమ్ లేదని మొదట ఎగిరిపోయేదీ అదే. ఎందుకు ఎగిరిపోతుందో పైన లెక్కలోనే ఉంది, రివర్స్ కేటీ పెట్టిన ఖర్చు ఈ నెల మేనేజర్ షీట్‌లో పడుతుంది, పెట్టనందుకు పడే ఖర్చు వచ్చే క్వార్టర్‌లో సపోర్ట్ టీమ్ షీట్‌లో పడుతుంది.

చాట్‌బాట్‌ని అడిగితే

ఇప్పుడు కొత్తగా వచ్చిన మార్పు, డౌట్ వస్తే పక్కవాళ్ళని అడగకుండా ఏఐ చాట్‌బాట్‌ని అడగడం. అడిగినందుకు పడే చిన్నతనం దాదాపు సున్నా అయిపోయింది, ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా విసుక్కోదు, తెలుగు ఇంగ్లీష్ కలిపి టైప్ చేసినా అర్థం చేసుకుంటుంది, ఇది చిన్న లాభం కాదు. ఓసీ అంటే ఏంటి, ఎస్ఓఎస్ అంటే ఏంటి లాంటివి రాత్రి పదకొండింటికి కూడా తేలిపోతున్నాయి.

రెండు చోట్ల మాత్రం తేడా వస్తుంది. కంపెనీ లోపల ఎవరో ఎప్పుడో పెట్టుకున్న సెట్టింగ్ ఎందుకుందో, ఒక ఫలానా బిల్డింగ్‌కి ఏ సర్టిఫికెట్ వచ్చిందో బయటి చాట్‌బాట్‌కి తెలిసే దారి లేదు, అయినా నమ్మేలా ఒక జవాబు రాసిచ్చే ప్రమాదం ఉంది. రెండోది, డౌట్ పదిమందిలో పడితే అడిగినవాడికే కాక చెప్పినవాడికీ, అడగని మిగతావాళ్ళకీ పనికొస్తుంది, డాక్యుమెంట్ ఎక్కడ సరిగ్గా లేదో టీమ్‌కి తెలుస్తుంది. 20 మంది విడివిడిగా చాట్‌బాట్‌ని అదే ప్రశ్న అడిగితే ఆ డాక్యుమెంట్ అలాగే ఉంటుంది, రాసినాయన అది అందరికీ అర్థమైందనే అనుకుంటాడు. అందుకే కొన్ని టీమ్‌లు డౌట్లని పర్సనల్ మెసేజ్‌లో పెట్టకుండా ఓపెన్ ఛానెల్‌లోనే అడగాలని రూల్ పెట్టుకుంటున్నాయి. లీడ్ స్థాయివాళ్ళు తమ డౌట్లు కూడా అక్కడే పెట్టే చోట ఆ ఛానెల్ నడుస్తుంది, లేకపోతే మొదటి వారం నాలుగు మెసేజ్‌లు పడి, తర్వాత పండగ శుభాకాంక్షలకి మాత్రమే పనికొస్తుంది.